పిల్లల బొమ్మల నిఘంటువు: బన్నీ అంటే కుందేలు పిల్ల కాదు

నాలుగేళ్ల మా మనవరాలి కోసం ఇటీవల ఒక ఇంగ్లీషు–తెలుగు బొమ్మల నిఘంటువు కొన్నాము. అట్టలు దళసరిగా ఉన్నాయి, పిల్లలు వేలు పెట్టి చదువుకొనేంత పెద్ద అక్షరాలు వేశారు, పండ్లు, కూరగాయల పుటలు ముచ్చటగా ఉన్నాయి. అయితే జంతువుల పుటలో రెండు బొమ్మలు వేసి, 'రాబిట్' అంటే కుందేలు, 'బన్నీ' అంటే కుందేలు పిల్ల అని చూపించడం పొరపాటు.

బన్నీ అనే మాటకు వయసుతో నిమిత్తం లేదు. ముసలి కుందేలునైనా ఒడిలో పెట్టుకొని బన్నీ అనవచ్చు. పశువైద్యుడు మాత్రం తన చీటీలో రాబిట్ అనే రాస్తాడు. మన అన్నానికీ బువ్వకూ ఉన్న తేడాయే ఇది. కంచంలో ఉన్నది ఒకటే అయినా, పసివాడికి తినిపించే వేళ దాని పేరు మారుతుంది. బువ్వ అంటే కొద్దిపాటి అన్నమని ఎవరైనా రాస్తే ఏ తల్లీ ఒప్పుకోదు. కుందేలు పిల్లకు ఇంగ్లీషులో 'కిట్' అనే మాట వేరే ఉంది.

పైగా, పిల్ల అనే అర్థం ఒకప్పుడు చెల్లినది రాబిట్‌కే. పూర్వం ఇంగ్లీషువారు ఎదిగిన జంతువును 'కోనీ' అనీ, దాని పిల్లను రాబిట్ అనీ అనేవారు; క్రమంగా కోనీ వాడుక తప్పి, పిల్ల పేరే జాతి మొత్తానికీ స్థిరపడింది. బన్నీ అయితే 17వ శతాబ్దం తొలినాళ్లలో స్త్రీలనూ పిల్లలనూ ముద్దుగా పిలిచే మాటగా కనిపించి, ఆ శతాబ్దం చివరికి కుందేలుకు కూడా పేరైంది. మన ఇళ్లలో పిల్లలను బన్నీ అని పిలుచుకొనేవారు ఆ తొలి అర్థాన్ని తెలియకుండానే నిలుపుకొంటున్నారని నాకు సంతోషం కలుగుతుంది. రాబిట్ అని ముద్దుపేరు పెట్టిన ఇల్లు నేను చూడలేదు.

బొమ్మ విషయంలోనూ శ్రద్ధ చాలలేదు. రాబిట్ పేరుతో వేసినది మన చేలగట్ల మీద పరుగెత్తే గోధుమరంగు కుందేలు, ఇంగ్లీషులో అది 'హేర్'. దాని పిల్లలు కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. రాబిట్ పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకొని పుడతాయి. తెలుగులో రెండూ కుందేళ్లే కనుక, బొమ్మైనా సరిగా ఉండాలి. చెవులపిల్లి అనే చక్కని మాటకు ఈ పుటలో చోటివ్వకపోవడం కూడా నాకు లోటుగానే తోచింది.

మా ప్రతిలో 'పిల్ల' అన్న మాట కొట్టివేసి, బన్నీ ఎదుట 'బుజ్జి కుందేలు' అని రాశాను. మలి ముద్రణలో ఈ పుటను సరిచేస్తే, మా పక్కింటి పిల్లలకూ ఇదే నిఘంటువు కొనిపెడతాను.