మాజీ సైనికుల వ్యవహారాలు: వర్జీనియా మంత్రి పదవా, టెక్సాస్ కమిషనా?

వర్జీనియాలో గవర్నర్ కేబినెట్‌లోనే మాజీ సైనికుల, రక్షణ వ్యవహారాల కార్యదర్శి ఉంటారు. మన లెక్కలో మంత్రే. 2011లో హోంల్యాండ్ సెక్యూరిటీ (అంతర్గత భద్రత)తో కలిపి పెట్టిన పదవికి 2014లో ఈ రూపం వచ్చింది. వెటరన్ సర్వీసుల శాఖ, నేషనల్ గార్డును (రాష్ట్ర రిజర్వు సైన్యాన్ని) చూసే సైనిక వ్యవహారాల శాఖ రెండూ ఈయన కిందే. నార్ఫోక్ నౌకా స్థావరం ఉన్న రాష్ట్రానికి ఇది నప్పింది. చిక్కల్లా, అక్కడ గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చేయకూడదు. నాలుగేళ్లకోసారి కార్యదర్శీ మారడం మామూలే.

టెక్సాస్‌ది వేరే దారి. గవర్నర్ నియమించే ఐదుగురు సభ్యుల కమిషన్. ఒక్కొక్కరికి ఆరేళ్లు, అందరి గడువూ ఒకేసారి తీరదు. పని తెగదు గానీ బాధ్యత చెదిరిపోతుంది: గార్డు వేరే శాఖ, ఇళ్ల, భూముల రుణాలు ల్యాండ్ ఆఫీసులోని బోర్డుకు.

చదువు సాయంలో తేడా గట్టిది. టెక్సాస్ హేజిల్‌వుడ్ చట్టం కింద మాజీ సైనికుడికి ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ అవర్ల (కోర్సులను లెక్కించే యూనిట్ల) వరకు ట్యూషన్ మాఫీ; వాడుకోనివి పిల్లలకు బదలాయించవచ్చు. వర్జీనియా పథకం సైనికుడికి కాదు, భార్యాపిల్లలకు. అమరుల, గల్లంతైనవారి, యుద్ధఖైదీల కుటుంబాలు కాకపోతే, సైనికుడికి కనీసం 90 శాతం శాశ్వత వైకల్యం ఉండాలి. ఆ శాతాన్ని తేల్చేది ఫెడరల్ వీఏ, అంటే కేంద్ర ప్రభుత్వ మాజీ సైనికుల శాఖ. ఆ శాతం చెప్పే వీఏ లేఖ లేకుండా దరఖాస్తు పెడితే అక్కడే ఆగుతుంది. ముందు డీడీ-214 (సైన్యం నుంచి విడుదల పత్రం)తో వీఏ క్లెయిమ్ వేయండి. రెండు రాష్ట్రాల మాజీ సైనికుల సేవా ప్రతినిధులూ ఆ క్లెయిమ్‌ను ఉచితంగానే నింపిపెడతారు.