ఒలింథస్ ఇంటి నమూనా కిట్: జిగురు పెట్టే ముందు దర్వాజ జరపండి

బీఈడీ ప్రాజెక్టుకో, బడి ఎగ్జిబిషన్‌కో ప్రాచీన గ్రీకు ఇల్లు చేయమంటే ఇన్నాళ్లూ థర్మాకోల్ స్తంభాలతో గుడిలాంటిది చేసి పెట్టేవారు. హనుమకొండలో లేజర్ కటింగ్ చేసే ఓ చిన్న షాపు అమ్ముతున్న ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన పలక) కిట్ అలాంటిది కాదు. స్కేలు 1:50, ఒక్కో వైపు 34 సెంటీమీటర్లు, ధర 1,450 రూపాయలు.

నమూనాగా ఉత్తర గ్రీసులోని ఒలింథస్ ఇంటిని తీసుకోవడం మంచి ఆలోచన. క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ ఆ ఊరిని నేలమట్టం చేశాడు. 1928 నుంచి 1938 దాకా విడతలుగా డేవిడ్ రాబిన్సన్ జరిపిన తవ్వకాల్లో వందకు పైగా ఇళ్లు బయటపడ్డాయి. సుమారు 17 మీటర్ల చదరపు ఇళ్లు, వరసకు ఐదు చొప్పున రెండు వరసలు, నడుమ నీళ్లు పోయే సన్నటి సందు.

కిట్‌లో ఇంటి అమరిక సరిగ్గా కుదిరింది. దక్షిణం వైపు వాకిలి, దానికి ఉత్తరాన వసారా, వసారా వెనక అర్రలు. చలికాలపు ఎండ లోపలికి రావాలి, ఎండాకాలంలో నీడ ఉండాలి, అందుకే ఈ అమరిక. పిల్లలకు చూపించేటప్పుడు ఒక జాగ్రత్త: డిసెంబరులో మన ఎండలో పెట్టి చూపిస్తే తప్పు అర్థం వెళ్తుంది. అప్పుడు వరంగల్‌లో మధ్యాహ్నపు సూర్యుడు సుమారు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఒలింథస్‌లో 26 డిగ్రీలే. సెల్‌ఫోన్ టార్చిని 26 డిగ్రీల వాలులో పట్టుకుంటే వెలుగు వసారా దాటి వెనక అర్ర గడప దాకా పోతుంది. 73 డిగ్రీలకు లేపితే ఎండాకాలం లెక్క.

పెద్ద లోపం ఆండ్రోన్‌లో ఉంది. మగవాళ్లు అతిథులతో కూర్చుని తాగే అర్ర అది, ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు పెట్టే చోటు. కిట్‌లో దర్వాజ గోడకు సరిగ్గా నడుమ పెట్టి ఆరు మంచాలిచ్చారు. ఉండాల్సినవి ఏడు. అర్ర 9.2 సెంటీమీటర్ల చదరం, మంచం 3.7 పొడవు, 1.7 వెడల్పు. గోడకు రెండు మంచాల పొడవు, పక్క గోడ మంచం వెడల్పు కలిపితే 9.1. నాలుగు గోడలకు ఎనిమిది పట్టాలి, దర్వాజ కోసం ఒకటి తీసేస్తే ఏడు. దర్వాజ నడుమ ఉంటే ఏడో మంచం మూల దారికి అడ్డం వస్తుంది. దాన్ని ఒక సెంటీమీటరు పక్కకు జరిపితే సరిపోతుంది. తవ్వకాల్లో ఆండ్రోన్‌ను గుర్తుపట్టే ఆనవాళ్లలో ఈ పక్కకు జరిగిన దర్వాజ ఒకటి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మంచాల కింది గట్టు కూడా సెంటీమీటరు ఎత్తు ఇచ్చారు. అంటే అసలు ఇంట్లో అర మీటరు! ఆ ముక్క తీసేసి, 2 సెంటీమీటర్ల వెడల్పున చార్టు అట్ట పట్టీ అంటించండి.

నేలకు ఇచ్చిన రంగుల మొజాయిక్ ప్రింటు వాడకండి. ఒలింథస్ నేలల్లో వేసినవి గులకరాళ్లు, ఎక్కువగా నలుపు తెలుపు. తెల్ల ప్లాస్టిక్ స్తంభాలూ వద్దు. వసారాను మోసేవి చాలావరకు రాతి దిమ్మెల మీద నిలబెట్టిన చెక్క స్తంభాలు, 5 మిల్లీమీటర్ల పుల్లలు చాలు.

మగ్గం మన కొత్తవాడ జంపఖానా మగ్గంలా పడుగు అడ్డంగా పరిచినట్టు ఉంది. గ్రీకు మగ్గం గోడకు వాలుగా నిలబడుతుంది. పడుగు పోగులు పైదూలం నుంచి వేలాడుతాయి, కింద మట్టి బరువులు కడతారు, పేకను పైకి కొడుతూ పైనుంచి కిందికి నేస్తారు. నాలుగు సెంటీమీటర్ల పుల్లలు రెండు నిలబెట్టి, పైన ఒకటి అడ్డంగా కట్టి, దారాల కొసలకు మట్టి ఉండలు పెడితే అయిపోతుంది. వెలుతురు వచ్చే వసారాలో పెట్టండి.

ఒక అర్రకు ‘ఆడవాళ్ల గది’ అని స్టిక్కరు వేశారు. నా లెక్కన అది చింపేయాలి. ఒలింథస్‌లో మగ్గం బరువులు ఒక్క అర్రలోనే కాదు, ఇంట్లో పలుచోట్ల దొరికాయి. ఏథెన్స్‌లో లిసియాస్ రాసిన ఒక కోర్టు ప్రసంగంలో, బిడ్డకు నీళ్లు పోయడానికి తల్లి మాటిమాటికి మెట్లు దిగాల్సి వస్తోందని ఆడవాళ్లు కిందికి, భర్త పైకి మారిపోతారు. అర్రల వాడకం అవసరాన్ని బట్టి మారేది.

గోడల పూత సంగతి. అసలు గోడలు రాతి పునాది మీద పచ్చి ఇటుకలవి, కాబట్టి తెల్ల పెయింటు కన్నా మట్టిపూతే నప్పుతుంది. జల్లెడ పట్టిన ఎర్రమట్టి మూడు పాళ్లు, ఫెవికాల్ ఒక పాలు, జారుగా అయ్యేదాకా నీళ్లు. ఒకేసారి మందంగా వేస్తే ఆరాక పగిలి రేకులుగా ఊడుతుంది. ఒక్క వైపే వేస్తే ఎండీఎఫ్ వంగుతుంది. రెండు వైపులా పలచగా పూసి, పూర్తిగా ఆరాక రెండో పూత వేయండి. వానాకాలంలో ముక్కల అంచులు ఉబ్బి గాట్లలో దిగవు, ముందే అంచులకు వార్నిష్ పట్టించాలి.

లేజర్ గీతలు శుభ్రంగా ఉన్నాయి, ముక్కలు గట్టిగా కూర్చుంటాయి, పైకప్పు విడిగా తీయొచ్చు. ఆండ్రోన్ దర్వాజ గోడ ముక్కను షాపువాళ్లు అదనంగా 40 రూపాయలకు కోసిస్తున్నారు. లోపలి మూల నుంచి దర్వాజ నడిమధ్యకు 3.6 సెంటీమీటర్లు ఉండాలని కాగితం మీద గీసి ఇవ్వండి.