పాత అంబాసిడర్ బీడింగ్: క్లిప్పులా, టేపా? ఏది మేలు?

టింకరింగ్ అయింది, పెయింటింగ్ అయింది, బండి మెరిసిపోతోంది. ఇక బీడింగులు (బండి పక్కల బిగించే మెరిసే పట్టీలు), మోనోగ్రాములు (బండి పేరు, గుర్తు ఉండే బిళ్లలు) ఎక్కిస్తే ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు. సరిగ్గా ఇక్కడే తొందరపడతాం. రంగుకి వేలకు వేలు పోసి, ఈ ఆఖరి పనిని మాత్రం చేతికి ఎవరు దొరికితే వాళ్లకి అప్పగిస్తాం. కొత్త పెయింటు మీద మొదటి గీత పడేది అప్పుడే.

మన విజయనగరం షెడ్లలో దీనికి మూడు దారులున్నాయి: బీడింగ్ కోసం రేకుకి ఉన్న పాత కన్నాల్లోనే క్లిప్పులు పెట్టడం, కన్నాలు మూయించేసి డబుల్ సైడ్ టేప్‌తో అంటించడం, సిలికాన్ పూసి అదిమేయడం.

మూడోది వద్దే వద్దు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. రంగు లేచి రేకు కనబడే చోట అది తుప్పుని పిలిచి కూర్చోబెడుతుంది. రేపు మళ్లీ రంగు వేయించాలన్నా, సిలికాన్ అంటిన చోట పెయింటు పట్టక గుంటలు గుంటలుగా విడిపోతుంది.

టేప్ సంగతి అలా కొట్టేసేది కాదు. కన్నం లేకపోతే నీళ్లు దిగవు. భోగాపురం, కళింగపట్నం వైపు ఎక్కువగా తిరిగే బండికి ఉప్పుగాలి తగలక తప్పదు కాబట్టి ఇది పెద్ద లాభమే. "టేప్ వేసేద్దామండి బాబూ, పావుగంటలో అయిపోద్ది" అనే మాట షెడ్డులో ఊరికే రాలేదు. అయితే మంచి టేపుకి పావుగంట చాలదు. త్రీఎం వాళ్ల వీహెచ్‌బీ లాంటి టేపు అంటించిన 20 నిమిషాలకి సగం పట్టు ఇస్తుంది, 24 గంటలకి 90 శాతం, పూర్తి పట్టుకి 72 గంటలు. ఆ మూడు రోజులూ బండి కడగకూడదు. అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడవాలి. తిన్నర్‌తో తుడిస్తే కొత్త రంగే మెత్తబడిపోతుంది.

అసలు చిక్కు బీడింగ్ ఆకారంలో ఉంది. ఒకదాన్ని తీసి తిరగేసి చూడండి. వెనక బల్లపరుపుగా ఉండదు, గాడిలా బోలుగా ఉంటుంది. రేకుకి తగిలేది రెండు సన్నటి అంచులే. ఇక టేపు దేన్ని పట్టుకుంటుంది? గాడి నిండేలా టేపు మీద టేపు వేస్తే బీడింగ్ పైకి లేచి నిలబడుతుంది, ఆ సందులో మట్టి చేరుతుంది. ఇంకో భయం కూడా ఉంది. లప్పం మందంగా పెట్టిన చోట టేపు గట్టిగా పట్టిందంటే, తర్వాత దాన్ని లాగినప్పుడు లప్పంతో సహా రంగు ఊడి రావచ్చు.

అందుకే కన్నాలున్న బండికి నా ఓటు క్లిప్పులకే. క్లిప్పుల మీద ఉన్న చెడ్డపేరు నిజానికి పని చేసే తీరుది. పెయింటు వేశాక కన్నం అంచున రేకు పచ్చిగా మిగిలిపోతుంది. సన్న బ్రష్‌తో అక్కడ ప్రైమరు, దాని మీద టచప్ రంగు పెట్టి ఆరనివ్వాలి. క్లిప్పు దూర్చే ముందు కన్నం చుట్టూ బ్యూటైల్ సీలెంట్ (నీళ్లు దిగకుండా పెట్టే జిగట రబ్బరు) చిన్న ముద్ద పెడితే, క్లిప్పు బిగిసినప్పుడు అది నలిగి సందు మూసేస్తుంది, నీళ్లు దిగవు. ఈ రెండూ చేస్తే టేపుకున్న పెద్ద లాభం క్లిప్పుకీ వచ్చేసినట్టే.

ఇనప క్లిప్పు పట్టు గట్టిదే కానీ దాని కాళ్లు దిగేటప్పుడు రంగుని గీరుతాయి. నైలాన్‌ది గీరదు, తుప్పు పట్టదు. కాకపోతే మన ఎండలకి కొన్నేళ్లలో పెళుసెక్కి విరుగుతుంది. ఖరీదు తక్కువే కాబట్టి తీసిన ప్రతిసారీ కొత్తవి వేయించండి. సైజు దొరికితే నైలాన్‌దే తీసుకోండి.

బిగించేటప్పుడు బీడింగ్ కూర్చునే గీతకి పైనా కిందా మాస్కింగ్ టేప్ వేయండి, చెయ్యి జారినా గీత దాని మీదే పడుతుంది. పని అవగానే పీకేయాలి, ఎండలో వదిలితే జిగురు మరక మిగులుతుంది. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బీడింగ్‌ని రేకుకి తగలకుండా ఎత్తి పట్టుకుంటే, రెండోవారు క్లిప్పుల్ని ఒక్కొక్కటే కన్నానికి ఎదురుగా జరపాలి. అన్నీ సరిపోయాకే, క్లిప్పు ఉన్న చోట మాత్రమే, అరచేత్తో నొక్కాలి. మధ్యలో నొక్కితే బీడింగ్ సొట్ట పడుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, సొట్ట పడినదానికి బదులు వెతకడం తేలిక కాదు. సుత్తి జోలికి అసలు పోవద్దు. తలుపు బీడింగ్ అయితే, ఆఖరి క్లిప్పు నొక్కే ముందు తలుపు మెల్లగా తెరిచి చూడండి, దాని కొస పక్క రేకుకి తగులుతోందేమో. తగిలితే తెరిచిన ప్రతిసారీ అంచున రంగు పెచ్చు లేస్తుంది.

మోనోగ్రాముల లెక్క వేరు. వెనక బల్లపరుపుగా ఉండి, పిన్నులు విరిగిపోయినవైతే టేపే మేలు. పిన్నులు బాగున్నవాటిని టేపు కోసం కోయించకండి. పాత యజమాని కన్నాలన్నీ వెల్డింగ్‌తో మూయించేసిన బండి మీకు దొరికితే, బీడింగ్ కోసం కొత్త రంగు మీద డ్రిల్లు పెట్టొద్దు. అలాంటి బండికి వెనక బల్లపరుపుగా ఉండే పట్టీ చూసుకుని టేపే వాడండి.

ఏది వాడినా, బేకింగ్ (వేడి పెట్టి ఆరబెట్టడం) చెయ్యని పెయింటు అయితే నెల దాకా ఆగడం మంచిది. చేతికి ఆరినట్టే ఉంటుంది కానీ లోపల తిన్నర్ ఇంకా బయటికి పోతూనే ఉంటుంది. పండక్కి బండి తీయాలన్న టెన్షన్ ఉంటే బీడింగులు లేకుండానే తీయండి, వాటిని తర్వాత బిగించుకోవచ్చు.