పొట్ట ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏ బ్లాక్ మేలు?

తిరుపతి స్విమ్స్, రుయాలకు చిత్తూరు, మదనపల్లె నుంచి కూడా పొట్ట ఆపరేషన్లకు వస్తారు. పడుకున్నప్పటి నొప్పి అందరూ ఓర్చుకుంటారు. దగ్గినప్పుడు, మంచం దిగినప్పుడు కుట్లు పట్టి లాగే నొప్పి దగ్గరే బ్లాక్ (నరాల దగ్గర మత్తుమందు వేసి నొప్పి ఆపే ఇంజెక్షన్) సత్తా తేలుతుంది.

పొట్ట గోడ కండరాల పొరల మధ్య మందు వేసే ట్యాప్ బ్లాక్‌కు మా మొదటి ఓటు, కానీ బొడ్డు కింది కోతలకే. నడుము పక్కన అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడితే మూడు కండరాల పొరలు కనిపిస్తాయి. మందు చేరాల్సింది రెండో పొరకూ మూడో పొరకూ మధ్య. ముందు ఒకటి రెండు మి.లీ. సెలైన్ వేసి చూడాలి. పొరలు కన్ను తెరిచినట్టు విడిపోతే సూది సరైన చోటే ఉంది. కండరం ఉబ్బితే సూది ఇంకా కండరంలోనే ఉంది, అక్కడ మందు పోస్తే దండగ.

గాల్ బ్లాడర్‌కు ఇదే వేసి 'పని చెయ్యలేదు' అనడం తప్పు. పైపొట్టకు పక్కటెముకల అంచు కింద వేసే సబ్‌కాస్టల్ ట్యాప్ కావాలి. నిలువు కోతకు రెక్టస్ షీత్ బ్లాక్, అంటే పొట్ట ముందరి నిలువు కండరం వెనక మందు వెయ్యడం. సిజేరియన్‌కు వెన్నులో మత్తుతో పాటు మార్ఫిన్ ఇచ్చి ఉంటే ట్యాప్ వల్ల అదనంగా ఒరిగేది తక్కువ. పైగా ట్యాప్ ఆపేది పొట్ట గోడ నొప్పినే, గర్భసంచి నొప్పిని కాదు. కాబట్టి పారాసెటమాల్ టైము ప్రకారం పడాల్సిందే.

2007లో వచ్చిన క్యూఎల్ బ్లాక్ (నడుము వెనకవైపు క్వాడ్రేటస్ లంబోరమ్ కండరం దగ్గర వేసేది) ఇంకా లోతు. కొందరికి తొడ బలం తగ్గుతుంది, మొదటిసారి లేచేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్ళకు వెన్ను ఇంజెక్షన్‌కు పాటించే జాగ్రత్తలే దీనికీ పాటించాలి. 2016 నాటి ఈఎస్‌పీలో (వెన్ను పక్క కండరం కింద వేసే బ్లాక్) సూదికి ఎముకే గురి, వెయ్యడం తేలిక. ఫలితం మాత్రం మనిషి మనిషికీ మారుతుంది. పెద్ద ఓపెన్ ఆపరేషన్లకు ఎపిడ్యూరల్ (వెన్నులో సన్నని గొట్టం పెట్టి మందు ఇవ్వడం) ఇప్పటికీ గట్టిది, బీపీ పడిపోకుండా కాపలా కాసే నర్సు ఉంటేనే.

అన్నిటికంటే ముఖ్యం మోతాదు లెక్క. 50 కిలోల మనిషికి కిలోకు 2 మి.గ్రా. చొప్పున బుపివకైన్ (బ్లాక్‌లో వేసే మత్తుమందు) 100 మి.గ్రా. దాటకూడదు. 0.25 శాతం మందు పక్కకు 20 మి.లీ. చొప్పున రెండు వైపులా వేస్తే ఆ 100 అక్కడికే అయిపోయింది. ఆపైన సర్జన్ గాయం దగ్గర అదే మందు ఎక్కిస్తే మోతాదు మించుతుంది. మించితే కనిపించేవి: పెదాలు తిమ్మిరెక్కడం, చెవుల్లో హోరు, తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం. పూర్తి మత్తులో ఉన్నవాళ్ళు తొలి లక్షణాలు చెప్పలేరు కూడా. అందుకే బ్లాక్ వేసే ప్రతిచోటా దీనికి విరుగుడుగా నరంలోకి ఎక్కించే 20 శాతం లిపిడ్ (కొవ్వు ద్రావణం) సీసా థియేటర్ అల్మరాలోనే ఉండాలి: కిలోకు 1.5 మి.లీ., అంటే ఈ మనిషికి మొదటి విడత 75 మి.లీ.