పాత ఏసీ బాగు చేయిస్తే మేలా, మారిస్తే మేలా?

మిర్యాలగూడలో, నల్లగొండలో ఎండలు మొదలయ్యాయంటే పదేళ్ల ఏసీ ఉన్న ఇళ్లలో ఇదే టెన్షన్. షాపువాళ్లు కొత్తది కొనండి, కరెంటు బిల్లులోనే డబ్బులు తిరిగొస్తాయంటారు. నిజంగా వస్తాయా?

లెక్క వేసి చూద్దాం. ఇన్వర్టర్ రకం (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకునేది) కాని పాత టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే సుమారు 11 యూనిట్లు తాగుతుంది. కొత్త ఫైవ్ స్టార్ ఇన్వర్టర్‌కు 7 వరకు చాలు. ఎండాకాలం 90 రోజులకు మిగిలేది 360 యూనిట్లు. యూనిట్ 9 రూపాయల స్లాబు పట్టుకున్నా 3,240 రూపాయలు. కొత్త ఏసీ 40 వేలు అనుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది. కాబట్టి బాగా చల్లబరుస్తున్న ఏసీని కరెంటు కోసం మార్చొద్దు.

తెలంగాణలో నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం ఉన్న ఇంటి లెక్క మాత్రం వేరు. ఆ 200 దాటితే మొత్తం బిల్లు మనమే కట్టాలి. రాత్రికి నాలుగు గంటలే ఏసీ వేసుకునే ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లకు 75 పోతాయనుకుంటే, పాతదానితో 240కి చేరుతుంది, కొత్తదానితో 180 దగ్గర ఆగుతుంది. 240 యూనిట్లకు 1,300 పైనే బిల్లు, 180కి సున్నా. ఇలాంటి ఇంటికి కొత్తదే మేలు.

మిగతా వాళ్లు చూడాల్సింది ఏం చెడిందన్నదే. కెపాసిటర్, ఫ్యాన్ మోటార్ అయితే రెండో ఆలోచన లేకుండా బాగు చేయించండి. చల్లదనం తగ్గిందంటే ముందు బయటి యూనిట్ కడిగించండి. రైసు మిల్లుల దగ్గర ఊక దుమ్ము ఫిన్నుల (సన్నటి రేకుల) మధ్య అట్టకట్టి, మంచి ఏసీని కూడా ముసలిదాన్ని చేస్తుంది.

ఏసీలో చల్లదనం తెచ్చే గ్యాస్ విషయంలోనే జనం ఎక్కువగా నష్టపోతున్నారు, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. గ్యాస్ వాడకంతో అరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు పట్టకుండా ఏటా నింపించుకుంటే ఆ డబ్బంతా గాలికే. పైపు జాయింటులో లీకైతే అతికించుకోవచ్చు. కాయిల్‌నే తుప్పు తినేసినా, కంప్రెసర్ పోయినా పదేళ్ల యంత్రం మీద పది పన్నెండు వేలు పెట్టడం దండగ. బయటి యూనిట్ మీది స్టిక్కర్‌లో ఆర్-22 అని ఉంటే అసలే వద్దు. కొత్త ఏసీల తయారీలో ఆ గ్యాస్ వాడకం మన దేశంలో 2025 జనవరి నుంచి ఆగిపోయింది. ఆర్-22 ఏసీలో ఇప్పటి ఆర్-32 గ్యాస్ నింపడం కుదరదు, ప్రమాదం కూడా.

మార్చాలనుకుంటే ఫిబ్రవరిలోనే మార్చండి. మే నెలలో బిగించేవాళ్లకు తీరిక ఉండదు, పైపుల్లో గాలి, తేమ లాగే వాక్యూమ్ పంపు పని ఎగ్గొట్టేస్తారు. దగ్గరుండి ఆ పంపు పెట్టించాకే గ్యాస్ వదలనివ్వండి.