మోదుగా? బూరుగా?

మాఘ ఫాల్గుణాల్లో ఆకంతా రాల్చి ఎర్రగా పూసేవే రెండూ. పొలం గట్టున ఒక్కటే నాటాలంటే నా ఓటు మోదుగకే. రాళ్ల నేలలోనూ, చౌడులోనూ బతుకుతుంది. చిలుక ముక్కులా వంగిన పూలను మరిగిస్తే హోలీకి రంగు నీళ్లు సిద్ధం. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ చేస్తారు. ఆకులు విస్తళ్లకు, పుల్లలు హోమానికి. ఎదుగుదల మాత్రం మహా నిదానం, ఓపిక కావాలి.

బూరుగ చకచకా పెరుగుతుంది, 20 మీటర్లు దాటేస్తుంది. లేత మాను నిండా ముళ్లు. దళసరి పూలలో తేనె కోసం గోరింకలు, కాకులు పొద్దున్నే గోల చేస్తాయి. పిట్టల పిచ్చి ఉన్నవాళ్లకు ఇదే సరి. ఎండలు ముదిరాక కాయలు పగిలి దూది ఎగురుతుంది. దిండ్లకు భేషుగ్గా ఉంటుంది, పక్కింటివాళ్లకే చిరాకు. ఇంటి గోడ దగ్గర మాత్రం వద్దు.