క్రీమ్ రంగు హాల్లో నల్ల గొంగడి: నాలుగేళ్లయ్యాక

మా హాలు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆఫ్ వైట్ గోడలు, లేత గోధుమ రంగు సోఫా, కింద తాండూరు బండలు, వాటి మీద క్రీమ్ రంగు జంపఖానా. ఈ మధ్య మహబూబ్‌నగర్‌లో ఏ గృహప్రవేశానికి వెళ్లినా ఇదే వరస. మొదటి ఏడాది ఆ సోఫాలో కూర్చుంటే డాక్టర్ పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది నాకు. పెబ్బేరు సంతలో కొన్న నల్ల గొంగడి వచ్చాకే దానికి కళ వచ్చింది.

జంపఖానా మీద కొంచెం వాలుగా, టీపాయ్ కిందికి వచ్చేట్టు పరిచాను. అత్తమ్మ చూసి, "పట్నం సామానంత కొని ఆఖరికి గొర్లకాడి గొంగడి తెచ్చినవా బిడ్డా" అని నవ్వింది. ఇప్పుడు ఆమె సాయంత్రం టీ తాగేది దాని మీద కూర్చునే.

దూరం నుంచి నలుపే. మధ్యాహ్నం కిటికీ ఎండలో వంగి చూస్తే ఒక పోగు కాకి నలుపు, పక్కది ముదురు బెల్లం రంగు, నడుమ ఒక బూడిద వెంట్రుక. అద్దిన రంగు కాదు, గొర్రె రంగే. మా చెల్క దుమ్ము సోఫా కవర్ల మీద పట్టి రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. గొంగడి మీద అదెక్కడుందో కూడా తెలియదు.

నిజానికి ఇది రెండో గొంగడి. మొదటిది నా చేతుల్లోనే పాడైంది. వానాకాలంలో తడి కాళ్లతో తొక్కీ తొక్కీ గొర్రె వాసన మొదలైతే, తెలివిగా వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లు పెట్టి వేశాను. తీసేసరికి ఒక పక్క ముడుచుకుపోయి, అట్టలా మందమై, మూరెడు పొట్టిదైంది. మెషీన్ నీళ్లు వదలడం మానేసింది. మెకానిక్ పైపులోంచి పిడికెడు ఉన్ని లాగి, "గొర్రెనే ఉతికిన్రా మేడం?" అన్నాడు. మళ్లీ సంతకు వెళ్తే గొంగళ్లు అమ్మే ముసలాయన, "దీనికి నీళ్లెందుకమ్మా, ఎండ సాలదా" అన్నాడు. మాంసానికి పనికొచ్చే నెల్లూరు గొర్రెలు పెరిగి ఉన్ని గొర్రెలు తగ్గాయని, అందుకే ధర పెరిగిందని కూడా ఆయనే చెప్పాడు. బేరం ఆడే ముఖం లేక అడిగినంత ఇచ్చాను. అప్పటి నుంచి దండెం మీద వేసి కర్రతో దులపడమే. దాచేటప్పుడు మడతల్లో ఎండిన వేపాకు.

దీనికి మెయింటెనెన్సే లేదని ఒకప్పుడు అందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గిస్తున్నా. నల్ల వెంట్రుకలు రాలి లేత రంగు సోఫా ఎక్కుతాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరొద్దంటారు, నేను మాత్రం పొద్దున్నే అదే పని మీద ఉంటాను. కాళ్లకు గుచ్చుకుంటుంది కూడా. మార్చిలో మడిచి బీరువా మీద పెడితే తొలి వానల దాకా దించను. ఆ మూడు నెలలూ హాలు మళ్లీ డాక్టర్ దగ్గరి గదే.

మా ఇంట్లో ముగ్గురం పెద్దవాళ్లమే కాబట్టి నాకు సరిపోయింది. నా మాట విని చెల్లెలు కూడా కొన్నది. పాకే పాప మోకాళ్లు ఎర్రబడుతుంటే వారానికే తీసి డాబా ఎక్కించింది. నాకిచ్చేయమని అడుగుతున్నాను. చలికి మా మరిది దాన్నే కప్పుకుని ఫోన్ మాట్లాడుతున్నాడట, ఇవ్వడం లేదు.